రాత్రిని రాత్రిగా ఉండనిద్దాం

పిల్లలూ!

"ఆకలి రుచెరగదు, నిద్ర సుఖమెరగదు" అన్న సామెత మీరు వినే ఉంటారు. బాగా ఆకలేసినవాడు కూరలో ఉప్పు సరిపోయిందా లేదా అని చూడడు. బాగా నిద్ర ముంచుకొచ్చినవాడు కింద పరుపుందా, చాపుందా అని చూడడు. పగలంతా ఆడి అలసిపోయే మీకు ఈ సామెత నూటికి నూరుపాళ్ళూ వర్తిస్తుంది. రైలుపెట్టెలోనూ, పెళ్ళిపందిట్లో బాజాల మధ్యనూ కూడా మీరు హాయిగా నిద్రపోగలరు.

కాని ఈ సామెత వర్తించని చోటు ఒకటుంది. అదే ఆస్పత్రిలోని ఇంటెన్సివ్ కేర్ విభాగం. అందరూ ఐ.సి.యు. అంటారు. ప్రాణాపాయంలో ఉన్న రోగులను రాత్రింబవళ్ళు కంటికి రెప్పలా కాపాడే గది అది. అక్కడ పడుకున్న ముసలివారికి నిద్ర పట్టాలంటే చీకటి కావాలి, నిశ్శబ్దం కావాలి, ఊరికే ఎవరూ లేపకుండా ఉండాలి. అక్కడ ఈ మూడూ దొరకడం కష్టం.

"నిద్ర లేకపోతే ఏముంది, మర్నాడు కాస్త బడలికగా ఉంటుంది, అంతేగా?" అంటారా? ఇన్నేళ్ళుగా హైస్కూల్లో సైన్సు పాఠాలు చెబుతున్న నేనూ అలాగే అనుకునేవాణ్ణి. అది పొరపాటని ఇప్పుడు నా అభిప్రాయం. పెద్దవయసు రోగికి రాత్రి నిద్ర అలంకారం కాదు, వైద్యంలో ఒక భాగం. మందు వేళకు ఇచ్చారా లేదా అని అడిగినట్టే, రాత్రి నిద్రపోనిచ్చారా లేదా అని కూడా అడగాలి. ఎందుకో చెబుతాను, వినండి. విన్న తరువాత ఒప్పుకోవాలో లేదో మీరే తేల్చుకోండి.

మా అమ్మకు వచ్చిన బస్సు

కొన్నేళ్ళ క్రితం మా అమ్మకు న్యుమోనియా వచ్చింది. అప్పుడామెకు డెబ్బై ఎనిమిదేళ్ళు. ఊపిరి అందకపోతుంటే పట్నంలో ఒక ఆస్పత్రికి తీసుకెళ్ళాం. ఐ.సి.యు.లో చేర్చి, ముక్కుకు ప్రాణవాయువు పెట్టి, సూదిమందులు మొదలుపెట్టారు. రెండు రోజులు బాగానే ఉంది. జ్వరం కూడా తగ్గుముఖం పట్టింది.

మూడోనాటి రాత్రి నన్ను లోపలికి పిలిచారు. మా అమ్మ మంచం దిగబోతోంది. ముక్కు దగ్గరి గొట్టం పీకేసింది. "అదుగో, బస్సు హారను వేస్తున్నాడు. నా చేతిసంచీ ఏదిరా? ఊరికి పోవాలి" అంటోంది. పక్కమంచం దగ్గర యంత్రం కూస్తోంది. ఆ కూతే ఆమె చెవికి బస్సు హారనైంది! నన్ను చూసి మా నాన్నగారి పేరుతో పిలిచింది. ఆయన పోయి అప్పటికి పదేళ్ళు.

నేనేం చేశానో తెలుసా? తరగతిలో పిల్లవాడు తప్పు చెబితే దిద్దినట్టు దిద్దబోయాను. "బస్సూ లేదు, గిస్సూ లేదు. ఇది ఆస్పత్రమ్మా! నేను నీ కొడుకుని. సరిగా చూడు" అని గట్టిగా చెప్పాను. ఆమె ఇంకా బెదిరిపోయింది. బయట వరండాలో మా బంధువుల్లో ఒకరు "పెద్దావిడకు మతి చలించింది. ఈ వయసులో ఇక మామూలే" అన్నారు. ఇంకొకరు "గాలి సోకినట్టుంది, తాయెత్తు కట్టించు" అన్నారు.

అప్పుడు రాత్రి డ్యూటీలో ఉన్న నర్సు వచ్చి నన్నొక ప్రశ్న అడిగింది. "మాస్టారూ, మామ్మగారు కళ్ళద్దాలు పెట్టుకుంటారా?"

ఆ కళ్ళద్దాలు నా చొక్కా జేబులో ఉన్నాయి! పోతాయేమోనని చేర్పించిన రోజే తీసి దాచాను. "సరిగా చూడు" అని అమ్మను గద్దించిన నేనే, ఆమె చూపును మూడు రోజులుగా జేబులో పెట్టుకుని తిరుగుతున్నాను.

నర్సు కళ్ళద్దాలు పెట్టింది. మంచం మీది దీపం ఆర్పి, గోడవైపు చిన్న దీపం మాత్రం ఉంచింది. "మామ్మగారూ, ఇది ఆస్పత్రి. ఇప్పుడు అర్ధరాత్రి. మీ అబ్బాయి ఇక్కడే ఉన్నాడు. తెల్లవారాక మాట్లాడుకుందాం" అని మెల్లగా రెండుసార్లు చెప్పింది. డాక్టరుగారు వచ్చి ప్రాణవాయువు, రక్తంలో లవణాలు పరీక్ష చేయించి, మందుల పట్టీ తిరగేసి, ఒక మందు మార్చారు. మరునాటి నుంచి రాత్రిపూట అత్యవసరమైతే తప్ప లేపవద్దని చెప్పారు. నాలుగు రోజులకు అమ్మ మళ్ళీ మా అమ్మ అయింది.

నాగలి చాలు తప్పినట్టు

మా అమ్మకు వచ్చింది మతి చలించడం కాదు, గాలి సోకడమూ కాదు. వైద్యులు దాన్ని డెలీరియం అంటారు. మన పాతకాలపు వైద్యులకూ అది తెలుసు. పెద్ద జ్వరాల్లో రోగి పొంతన లేకుండా మాట్లాడితే "సంధి పుట్టింది", "సంధి ప్రేలాపన" అనేవారు. మనం కూడా సంధి అనే అందాం.

డెలీరియం లాటిన్ మాట. ఆ భాషలో "లిరా" అంటే నాగటి చాలు. చాలు వదిలి పక్కకు పోవడమే డెలీరియం. దున్నేటప్పుడు నాగలి చాలు తప్పితే ఎద్దులు చెడ్డవా? నాగలి విరిగిందా? లేదు. మళ్ళీ చాల్లో పెట్టవచ్చు. సంధి కూడా అలాంటిదే. ముసలితనంలో మెల్లమెల్లగా, ఏళ్ళ తరబడి జ్ఞాపకం పోయే జబ్బు వేరు. సంధి గంటల్లో, రోజుల్లో హఠాత్తుగా వస్తుంది. పొద్దున తగ్గి రాత్రి పెరుగుతుంది. ముఖ్యంగా రోగి మనసు ఒకచోట నిలవదు.

ఇంకో సంగతి. సంధి అంటే అరవడం, గొట్టాలు పీకడం మాత్రమే కాదు. కొందరు రోగులు ఉలుకూ పలుకూ లేకుండా, పిలిస్తే కాసేపటికి కళ్ళు తెరిచి, మళ్ళీ మూస్తూ పడుకుంటారు. "పాపం, గొడవ చేయకుండా ఉన్నారు" అని మనం సంతోషిస్తాం. కాని అదీ సంధే. పెద్దవాళ్ళలో ఈ మౌన సంధే తరచుగా కనిపిస్తుంది, తరచుగా దాన్ని ఎవరూ గుర్తుపట్టరు.

మరి గొంతులో గొట్టం ఉండి మాట్లాడలేని రోగిలో సంధిని ఎలా కనిపెట్టాలి? అమెరికాలో వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయానికి చెందిన వెస్లీ ఈలీ అనే డాక్టరు, ఆయన తోటివారు 2001లో ఒక సులువైన పరీక్షను ప్రకటించారు. నర్సు రోగి చెయ్యి పట్టుకుని పది ఇంగ్లీషు అక్షరాలు ఒక్కొక్కటిగా చదువుతుంది. "ఏ" అన్నప్పుడు మాత్రం రోగి ఆమె చేతిని నొక్కాలి. రెండుకు మించి తప్పులు వస్తే మనసు నిలవడం లేదన్నమాట. తరువాత "రాయి నీళ్ళమీద తేలుతుందా?", "సముద్రంలో చేపలుంటాయా?" వంటి ప్రశ్నలు ఉంటాయి. అవుననో కాదనో తల ఊపితే చాలు. ఒకటో తరగతి పిల్లలు చెప్పగల జవాబులు ఇవి. బి.ఏ. చదివిన రోగి కూడా సంధిలో ఉంటే తడబడతాడు. ఈ పరీక్షకు యంత్రం అక్కర్లేదు. రెండు నిమిషాలు చాలు.

తగ్గిపోతుంది కదా, ఎందుకంత గొడవ?

మంచి ప్రశ్న. 2004లో ఈలీ బృందం వెంటిలేటరు మీద ఉన్న 224 మంది రోగుల వివరాలు ప్రచురించింది. వారిలో 183 మందికి ఎప్పుడో ఒకప్పుడు సంధి వచ్చింది. ఆరు నెలలు తిరిగేసరికి, సంధి వచ్చినవారిలో నూటికి 34 మంది మరణించారు. రానివారిలో నూటికి 15 మందే మరణించారు.

2013లో అదే విశ్వవిద్యాలయం వారు 821 మంది రోగులపై చేసిన పెద్ద అధ్యయనం వచ్చింది. వారిలో నూటికి 74 మందికి సంధి వచ్చింది. సంధి ఎక్కువ రోజులు ఉన్నవారికి ఏడాది తరువాత కూడా జ్ఞాపకం, ఆలోచన తక్కువగా ఉన్నాయి. అంటే జ్వరం తగ్గి ఇంటికి వచ్చినా, మెదడుకు తగిలిన దెబ్బ కొందరిలో తొందరగా మానదన్నమాట.

మా అమ్మ పాలలెక్క నోటితో చెప్పేది. నెలలో ఏ రోజు ఎన్ని పాలు పోయించుకున్నామో కాగితం లేకుండా చెప్పి పాలవాణ్ణి ఆశ్చర్యపరిచేది. ఆస్పత్రి నుంచి వచ్చాక ఎనిమిది నెలల పాటు ఆ లెక్క ఆమెకు కుదరలేదు. క్యాలెండరు మీద గీతలు పెట్టుకుంటూ, "నా బుర్ర ఏమైందిరా?" అని నన్ను అడిగేది. అందుకే ఇది చిన్న విషయం కాదంటున్నాను.

నలభై ఒక్క పీలికల నిద్ర

ఇప్పుడు నిద్ర సంగతికి వద్దాం. 2001లో అమెరికాలో కొందరు శాస్త్రజ్ఞులు ఐ.సి.యు. రోగుల తలకు తీగలు అమర్చి, మెదడులోని విద్యుత్తరంగాలను రోజంతా నమోదు చేశారు. ఇరవై నాలుగు గంటల్లో వారు సగటున ఎంతసేపు నిద్రపోయారో తెలుసా? 8.8 గంటలు! "చాలానే పోయారే!" అంటారు మీరు. ఆగండి. ఆ నిద్ర సగటున 41 ముక్కలుగా ఉంది. ఒక్కో ముక్క సుమారు 15 నిమిషాలు. పైగా అందులో సగానికి మించి పగటివేళ నిద్రే.

ఒక చొక్కాగుడ్డను నలభై ఒక్క పీలికలుగా చింపి మీ చేతిలో పెట్టామనుకోండి. కొలిచి చూస్తే గుడ్డ అంగుళం కూడా తగ్గలేదు. కాని దానితో చొక్కా కుట్టించుకోగలరా? నిద్ర కూడా అంతే. నిద్రకు మెట్లున్నాయి. మొదట తేలిక నిద్ర, తరువాత గాఢనిద్ర, ఆ తరువాత కలలు ఎక్కువగా వచ్చే నిద్ర. ఈ చుట్టు ఒకటి పూర్తి కావడానికి సుమారు గంటన్నర పడుతుంది. పావుగంటకొకసారి లేస్తే మళ్ళీ మొదటి మెట్టు నుంచే ఎక్కాలి. పై మెట్టు చేరేదెప్పుడు?

ఎవరు లేపుతున్నారు? 2004లో వచ్చిన మరో అమెరికన్ అధ్యయనంలో 147 రాత్రులు లెక్కపెట్టారు. రాత్రి పన్నెండు గంటల డ్యూటీలో రోగి దగ్గరకు సగటున 43 సార్లు ఎవరో ఒకరు వచ్చి ఏదో ఒకటి చేశారు. పన్నెండు గంటలను 43తో భాగించి చూడండి. పదిహేడు నిమిషాలకొకసారి! రెండు మూడు గంటలు ఎవరూ కదిలించని సమయం మొత్తం 147 రాత్రుల్లో తొమ్మిదిసార్లే దొరికింది.

చప్పుడు సంగతీ చూద్దాం. ఆస్పత్రి వార్డులో రాత్రి శబ్దం సగటున 30 డెసిబెల్సు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999లో సూచించింది. అంటే గుసగుసలాడినంత. ఇంగ్లండులో ఐదు ఐ.సి.యు.లలో కొలిచిన ఫలితాలు 2013లో వచ్చాయి. ఎక్కడా సగటు 45కు దిగలేదు. "30కీ 50కీ పెద్ద తేడా ఏముంది, రెట్టింపు కూడా కాదు కదా!" అనకండి. డెసిబెల్ లెక్క వేరు. ప్రతి 10 డెసిబెల్సుకు శబ్దతీవ్రత పదిరెట్లవుతుంది. 30 నుంచి 40కి పదిరెట్లు, 50కి నూరు రెట్లు!

మెదడులోని నిద్రగన్నేరు

మీ బడి ఆవరణలో నిద్రగన్నేరు చెట్టు ఉంటే సాయంకాలం గమనించండి. పొద్దు వాలగానే ఆకులు జతజతలుగా ముడుచుకుంటాయి. తెల్లవారగానే విచ్చుకుంటాయి. వెలుగును చూసి అలా చేస్తోందని అనుకుంటాం. 1729లో ఫ్రాన్సులో దె మెరాన్ అనే శాస్త్రజ్ఞుడు అత్తిపత్తి వంటి ఒక మొక్కను చీకట్లో పెట్టి చూశాడు. చీకట్లో కూడా అది పగటివేళ ఆకులు విప్పి, రాత్రివేళ ముడిచింది! దానిలోపలే ఒక గడియారం ఉందన్నమాట.

మనలోనూ అలాంటి గడియారం ఉంది. రెండు కళ్ళ నరాలు మెదడులో కలిసే చోటికి కాస్త పైన, వేల కణాలున్న చిన్న ముద్ద అది. చీకటి పడగానే అది పీనియల్ గ్రంథికి కబురు పంపుతుంది. ఆ గ్రంథి మెలటోనిన్ అనే హార్మోనును విడుదల చేస్తుంది. "రాత్రి అయింది" అని శరీరమంతా చాటింపు వేసే తలారి ఈ మెలటోనిన్. కంటిలో వెలుగు పడితే ఆ చాటింపు ఆగిపోతుంది.

ఏ గడియారమైనా కాస్త ముందుకో వెనక్కో పోతుంది. రోజూ సరిచేసుకోవాలి. మన లోపలి గడియారాన్ని సరిచేసేది పగటి వెలుగు, రాత్రి చీకటి. ఆరుబయట ఎండలో వెలుగు 50 వేల లక్సులు దాటుతుంది. దీపాలున్న గదిలో కొన్ని వందలే. ఐ.సి.యు.లో పగలు ఎండ ఉండదు, రాత్రి చీకటి ఉండదు. ఎప్పుడూ ఒకే వెలుతురు. ఇక గడియారం దేన్ని చూసి సరిచేసుకుంటుంది?

ముసలివారికి కష్టం ఇంకా ఎక్కువ. వయసుతో కంటికటకం పసుపుబారి వెలుగు లోపలికి తక్కువగా పోతుంది. మెలటోనిన్ తగ్గుతుంది. గాఢనిద్ర తగ్గుతుంది. చూపు, వినికిడి మందగిస్తాయి. ఇంటివాళ్ళు కనబడరు. కళ్ళద్దాలు కొడుకు జేబులో ఉంటాయి! అప్పుడా మెదడు యంత్రం కూతను బస్సు హారను అనుకోవడంలో వింతేముంది?

ఒక్క ఉదాహరణ రుజువు కాదు

తెలివైన విద్యార్థి ఇక్కడ లేచి అడగాలి: "మాస్టారూ, మీ అమ్మగారికి నిద్రవల్ల తగ్గిందని ఎలా చెప్పగలరు? న్యుమోనియా మందులవల్ల తగ్గి ఉండవచ్చు కదా? మార్చిన మందువల్ల కావచ్చు కదా?"

శభాష్! సరిగ్గా అడిగారు. చెప్పలేను. సంధికి కారణాలు చాలా ఉంటాయి. ప్రాణవాయువు చాలకపోవడం, చీము పట్టడం, ఒంట్లో నీరు తగ్గడం, సోడియం తగ్గడం, నొప్పి, కొన్ని నిద్రమాత్రలు, ఇవన్నీ కారణాలే. అందుకే సంధి కనిపిస్తే మొదట డాక్టరుకు చెప్పాలి. నిద్రలేమివల్ల సంధి వస్తుందా, సంధివల్ల నిద్ర చెడుతుందా అన్నది కూడా పూర్తిగా తేలలేదు. బహుశా రెండూ ఒకదాన్నొకటి పెంచుతాయి. కాబట్టి చాలామంది రోగులను పోల్చి చూసిన ప్రయోగాలే మనకు ఆధారం.

1999లో అమెరికాలో షారన్ ఇనోయె అనే వైద్యురాలు మామూలు వార్డుల్లోని 852 మంది వృద్ధులపై చేసిన అధ్యయనం ప్రచురించారు. అందరూ 70 ఏళ్ళు దాటినవారే. సగంమందికి మామూలు వైద్యం. మిగతా సగంమందికి మామూలు వైద్యంతో పాటు కళ్ళద్దాలు, వినికిడి యంత్రాలు అందేలా చూశారు. తేదీ, స్థలం గుర్తుచేశారు. నీళ్ళు తాగించారు. లేపి నడిపించారు. రాత్రి నిద్రమాత్రకు బదులు వేడిపాలు, వీపు మర్దన, మెల్లని సంగీతం ఇచ్చి, వార్డులో చప్పుడు తగ్గించారు. మామూలు వైద్యం పొందినవారిలో నూటికి 15 మందికి సంధి వస్తే, రెండో జట్టులో సుమారు 10 మందికే వచ్చింది. ఇందులో ఖరీదైన మందు ఒక్కటైనా ఉందా, చూడండి!

ఐ.సి.యు. సంగతి? 2014లో బ్రిటన్‌లో ఒక ఐ.సి.యు. వారు రాత్రి దీపాలు తగ్గించారు, తలుపులు మూశారు, పనులన్నీ ఒకేసారి చేశారు, కోరినవారికి కంటిపట్టీలు, చెవిబిరడాలు ఇచ్చారు. సంధి నూటికి 33 నుంచి 14కు తగ్గింది. ఇది "ముందు–తరువాత" పోలిక కనుక చీట్లువేసి జట్లు విడదీసే ప్రయోగమంత గట్టిది కాదు. అయినా దారి చూపిస్తోంది. పగలు చేసే పనీ రాత్రికి సాయపడుతుంది. 2009లో ప్రచురించిన ఒక ప్రయోగంలో, మత్తు తగ్గించి, తొందరగా కూర్చోబెట్టి నడిపించిన రోగులకు సంధి సగటున 2 రోజులు ఉంటే, మిగతావారికి 4 రోజులుంది.

మరి ఒక మాత్ర వేసి ఈ శ్రమంతా తప్పించుకోకూడదా? ప్రయత్నించారు. ఆస్ట్రేలియాలో 12 ఐ.సి.యు.లలో 850 మందిని రెండు జట్లు చేసి, ఒక జట్టుకు రోజూ రాత్రి మెలటోనిన్ ఇచ్చారు. 2022లో ఫలితం వచ్చింది. సంధి తగ్గలేదు. సంధి వచ్చాక ఇచ్చే హాలోపెరిడాల్ వంటి మందులు కూడా దాని రోజులను తగ్గించలేదని 2018లో ఒక పెద్ద ప్రయోగం తేల్చింది. సైన్సు గొప్పతనం ఇదే. ఫలితం మన ఆశకు వ్యతిరేకంగా వచ్చినా దాచదు.

దీన్నుంచి నాకు అర్థమైంది ఇది: తలారి ఒక్కడు చాటింపు వేస్తే సరిపోదు. ఊరంతా నిజంగా రాత్రి కావాలి.

"వైద్యం ముఖ్యమా, నిద్ర ముఖ్యమా?"

నా మాట విని ఒక ఆస్పత్రి మిత్రుడు ఈ ప్రశ్న వేశాడు. "రక్తపోటు పడిపోతున్నవాణ్ణి గంటగంటకూ చూడకపోతే ఎలా? యంత్రాల కూతలు ఆపేస్తే ప్రాణం పోదా? ఒక్క నర్సు ఎంతమందిని చూస్తుందో నీకు తెలుసా?"

ఆయన చెప్పింది నిజమే. ప్రాణం నిలబెట్టే పని ఏదీ ఆపమని నేననడం లేదు. ఆ రాత్రి నా తప్పును కనిపెట్టింది కూడా నర్సే. కాని తెల్లవారుజామున నాలుగింటికి రక్తం తీయడం, అర్ధరాత్రి పక్కబట్టలు మార్చడం, ఇవన్నీ రోగి అవసరంకోసమా, లేక పొద్దున డాక్టరు వచ్చేసరికి కాగితాలు సిద్ధంగా ఉండడంకోసమా? ఏ పని ఆగదో, ఏ పని తెల్లవారేదాకా ఆగుతుందో రోజూ రాత్రి ఒక్కసారి అడిగితే చాలు. నాలుగుసార్లు లేపి చేసే నాలుగు పనులను ఒక్కసారి లేపి చేయవచ్చు. అవసరం లేని కూతల హద్దులు సరిచేయవచ్చు. మెల్లగా మాట్లాడటానికి ఎంత ఖర్చవుతుంది?

ఇది కొత్త మాట కూడా కాదు. ఫ్లారెన్స్ నైటింగేల్ 1859లో నర్సులకోసం రాసిన పుస్తకంలో చప్పుడు మీదే ఒక అధ్యాయం రాసింది. అమెరికాలోని క్రిటికల్ కేర్ వైద్యుల సంఘం 2018లో ఇచ్చిన మార్గదర్శకాల్లో కూడా రాత్రి చప్పుడు, వెలుగు తగ్గించమని సూచించింది. నూట యాభై ఏళ్ళకు పైగా తెలిసిన సంగతిని ఇంకా సూచనగానే ఉంచడం నాకు నచ్చదు. రోగి మంచానికి వేలాడే పట్టీలో జ్వరం, రక్తపోటుతో పాటు "రాత్రి ఎన్ని గంటలు లేపకుండా ఉంచాం?" అనే గడి కూడా ఉండాలని నా కోరిక.

మీరేం చేయగలరు?

"ఐ.సి.యు.లోకి పిల్లల్ని రానివ్వరు కదా, మేమేం చేస్తాం?" అంటారా? చాలా చేయగలరు.

మీ తాతగారికో మామ్మగారికో అలాంటి అవసరం వస్తే, వాళ్ళ కళ్ళద్దాలు, వినికిడి యంత్రం, కట్టుడుపళ్ళు ఎక్కడున్నాయో ముందు చూడండి. వాటిని ఇంట్లో దాచకుండా నర్సుకు ఇవ్వమని మీ నాన్నగారికి చెప్పండి. ఒక అట్టమీద పెద్ద అక్షరాలతో ఊరు, ఆస్పత్రి, తేదీ, వారం రాసి పంపండి. మా అమ్మ మంచం దగ్గర అలాంటి అట్ట పెట్టింది ఏడో తరగతి చదివే ఆమె మనుమరాలే. రోజూ తేదీ కాగితం మార్చి పంపేది. అంకెలు కనబడే గడియారం ఉంటే ఇంకా మంచిది.

పెద్దవాళ్ళు చూడటానికి వెళ్ళేటప్పుడు పగటివేళ వెళ్ళమనండి. నలుగురు ఒకేసారి వెళ్ళి ఫోను మోగిస్తూ మాట్లాడవద్దనండి. రోగి పొంతన లేకుండా మాట్లాడితే వాదించకూడదు, నవ్వకూడదు, నాలాగా గద్దించకూడదు. పేరు చెప్పి, స్థలం చెప్పి, చెయ్యి పట్టుకుంటే చాలు. "ఈవిడ ఎప్పుడూ ఇలా లేరు, నిన్నటి నుంచే ఇలా ఉన్నారు" అని డాక్టరుకు వెంటనే చెప్పాలి. ఆ తేడా తెలిసేది ఇంటివాళ్ళకే. తాయెత్తు కట్టడంలో గడిచే ప్రతి గంటా వైద్యానికి నష్టమే.

మీలో కొందరు రేపు డాక్టర్లవుతారు, నర్సులవుతారు, ఆస్పత్రులు కట్టే ఇంజనీర్లవుతారు. ఐ.సి.యు. గోడలో కిటికీ ఎక్కడ పెట్టాలో, యంత్రం కూత రోగి చెవి దగ్గర మోగాలా, నర్సు బల్ల దగ్గర మోగాలా అన్నది నిర్ణయించేది మీరే. అప్పుడు ఈ పాఠం గుర్తుంచుకోండి.

మా అమ్మ పాలలెక్క మళ్ళీ నోటితోనే చెబుతోంది. అప్పుడప్పుడు ఒకరోజు తప్పిపోతే క్యాలెండరు చూసుకుంటుంది. నా చొక్కా జేబులో మాత్రం ఇప్పుడు నా కళ్ళద్దాలే ఉంటాయి.

ఇవాళ సాయంకాలం బడి వదిలాక నిద్రగన్నేరు చెట్టు కింద ఒక్క నిమిషం నిలబడండి. ఆకులు ముడుచుకోవడం చూడండి. చెట్టుకు మనం ఇస్తున్న రాత్రిని, జబ్బుపడిన మన పెద్దవాళ్ళకు ఎందుకు ఇవ్వలేకపోతున్నామో ఆలోచించండి.